ఐదంకెల మీటరు

పాత అమెరికన్ పికప్ ట్రక్కు ఎక్కడైనా ఆగి ఉంటే అద్దంలోంచి లోపలికి ఒకసారి తొంగి చూడండి. మైళ్ళు లెక్కపెట్టే మీటరులో ఐదే అంకెలుంటాయి. పక్కనే మైలులో పదోవంతు చూపించే చిన్న గడి. 99,999 దాటగానే అన్నీ సున్నాలైపోతాయి, బండి వయసు మళ్ళీ మొదటికొస్తుంది. 1980ల దాకా ఇక్కడ తయారైన చాలా కార్లకీ ట్రక్కులకీ ఇలాంటి మీటర్లే ఉండేవి. ఆరో అంకె పెట్టడం పెద్ద విద్యేమీ కాదు. లక్ష మైళ్ళు, అంటే లక్షా అరవై వేల కిలోమీటర్లు దాటాక కూడా ఆ బండి గురించి ఎవరైనా లెక్క అడుగుతారని తయారుచేసినవాళ్ళు అనుకున్నట్టు లేదు. కొన్నవాళ్ళూ అనుకోలేదు.

ఇప్పుడు లక్ష మైళ్ళు తిరిగిన ట్రక్కుని "ఇంకా సగం ఆయుష్షుంది" అని చెప్పి అమ్ముతున్నారు. కొనేవాళ్ళు నమ్మి కొంటున్నారు. ఇంకోపక్క కొత్త పెద్ద పికప్పు సగటు ధర 60 వేల డాలర్లు దాటిపోయింది. అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్ళలో కూడా ఈ బండి మీద మోజు పెరుగుతోంది. ఊరవతల రెండెకరాలు కొన్నవాళ్ళు, పడవో ట్రెయిలరో లాగాలనుకునేవాళ్ళు, టెక్సాస్‌లో ఇల్లు తీసుకున్నాక వీధిలో అందరికీ ఉంది కదా అనుకునేవాళ్ళు, అందరూ అడిగే ప్రశ్న ఒకటే. ఏ ట్రక్కు నమ్మకమైనది? పెట్టిన డబ్బుకి తగిన విలువ ఉందా?

దీనికి సాధారణంగా వచ్చే జవాబు ఒక కంపెనీ పేరు. నాకు ఆ జవాబు చాలదనిపిస్తుంది. ఎందుకంటే ఈ వందేళ్ళలో ట్రక్కు విషయంలో "నమ్మకం", "విలువ" అన్న రెండు మాటలకీ అర్థం కనీసం మూడుసార్లు మారింది. అదెలా మారిందో చూస్తే, ఇవాళ బేరం చేసేటప్పుడు మనం దేనికి డబ్బు కడుతున్నామో కొంచెం తెలుస్తుంది.

రైతు కట్టుకున్న బండి

ఫోర్డ్ మోడల్-టీ కారు 1908లో వచ్చింది. దాన్ని పికప్పుగా మొదట మార్చింది కంపెనీ కాదు, రైతులు. వెనక సీటు పీకేసి, ఊళ్ళో వడ్రంగి చేత చెక్క తొట్టి కట్టించుకుని, పాలబిందెలూ ధాన్యం బస్తాలూ వేసుకుని టౌనుకి వెళ్ళేవాళ్ళు. ఈ అవసరాన్ని గమనించి 1917లో ఫోర్డ్ ఒక టన్ను మోసే మోడల్-టీటీ ఛాసిస్‌ని 600 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. పైన తొట్టి ఎవరిది వాళ్ళే కట్టించుకోవాలి. చివరికి 1925 ఏప్రిల్ 15న ఫ్యాక్టరీలోనే ఉక్కు తొట్టి బిగించిన బండి వచ్చింది. దాని పేరు మోడల్-టీ రనబౌట్ విత్ పికప్ బాడీ. ధర 281 డాలర్లు. ఆ మొదటి ఏడాది దాదాపు 34 వేలు అమ్ముడయ్యాయి. ఇప్పటి డబ్బులో చూస్తే ఆ 281 డాలర్లు సుమారు 5,000 డాలర్ల కిందకి వస్తాయి.

ఆ బండి ఈనాటి అర్థంలో నమ్మకమైనదేం కాదు. తరచూ ఆగిపోయేది. చలికాలం పొద్దున్నే స్టార్టు చేయడం ఒక యుద్ధం. అయినా రైతులు దాన్ని నమ్మారు, ఎందుకంటే అది ఆగిపోతే మళ్ళీ నడిపించుకోవడం వాళ్ళ చేతుల్లో ఉండేది. నాలుగు రెంచీలు, కాస్త తీగ, కమ్మరి కొలిమి ఉంటే చాలా రిపేర్లు జరిగిపోయేవి. పైగా ఆ బండి రోడ్డు మీద తిరగడంతో సరిపెట్టుకోలేదు. వెనక చక్రం ఒకటి పైకెత్తి, దానికి బెల్టు తగిలించి కట్టెలు కోసే రంపాన్నీ, నీళ్ళ పంపునీ తిప్పించేవాళ్ళు. అంటే దాని విలువ లెక్కకట్టాలంటే మైళ్ళతో పాటు కోసిన కట్టెలూ తోడిన నీళ్ళూ లెక్కలోకి రావాలి.

మనకి ఇది కొత్త సంగతి కాదు. ఎద్దుబండి ఇరుసు విరిగితే వడ్రంగి దగ్గరికి, చక్రానికి పట్టా ఊడితే కమ్మరి దగ్గరికి వెళ్ళిన ఊళ్ళు మనవి. సంతలో ఎద్దుని కొనేవాడు ముందు నోరు తెరిచి పళ్ళు చూస్తాడు, తర్వాత సుడులు చూస్తాడు, నాలుగడుగులు నడిపించి చూస్తాడు. అమ్మేవాడి మాట ఆఖరున వింటాడు. వాడిన ట్రక్కు కొనడంలోనూ ఇంతకు మించిన కిటుకు లేదు. పళ్ళ బదులు కిందకి వంగి ఫ్రేము చూడాలి, అంతే తేడా.

ఈ దశకి సాహిత్యంలో ఒక గొప్ప సాక్ష్యం ఉంది. స్టైన్‌బెక్ 1939లో రాసిన 'ద గ్రేప్స్ ఆఫ్ రాత్' నవలలో జోడ్ కుటుంబం ఓక్లహోమా నుంచి కాలిఫోర్నియాకి వెళ్ళేది ఒక పాత హడ్సన్ కారుని కోసి ట్రక్కుగా మార్చిన బండిలో. దాన్ని నడిపే కుర్రవాడు ఆల్ దారి పొడుగునా ఇంజను చప్పుడుకే చెవి అప్పగించి ఉంటాడు. దారిలో తోడైన మరో కుటుంబం కారులో కనెక్టింగ్ రాడ్ బేరింగు పోతుంది. అన్నదమ్ములిద్దరూ పాత సామాన్ల యార్డుకి వెళ్ళి, అలాంటి బండిలోంచే ఆ భాగాన్ని ఊడదీసుకొచ్చి, రోడ్డు పక్కనే బిగిస్తారు. ఇల్లూ పొలం పోయి రోడ్డున పడ్డ మనుషులకి బండి ఆగిపోవడమంటే ఏమిటో అంత బాగా చెప్పిన పుస్తకం నేను ఇంకోటి చదవలేదు. వాళ్ళది మొదటి యజమాని బండి కాదన్నది గుర్తుంచుకోండి. ఆ విషయానికి మళ్ళీ వస్తాను.

లక్ష మైళ్ళ గీత ఎందుకు?

రెండో ప్రపంచయుద్ధం అయ్యాక 1948 మోడలుగా ఫోర్డ్ ఎఫ్ సిరీస్ ట్రక్కులు మొదలయ్యాయి. మొదటిది ఎఫ్-1, అర టన్ను బండి. ఈ "అర టన్ను", "ముప్పావు టన్ను", "ఒక టన్ను" అన్న పేర్లు ఒకప్పుడు తొట్టిలో మోయగల బరువుని చెప్పేవి. ఇక్కడి టన్ను 2,000 పౌన్లు కాబట్టి అర టన్ను బండి అంటే వెయ్యి పౌన్లు. ఈ రోజు అర టన్ను పేరుతో అమ్మే బండ్లు మామూలుగా పదిహేను వందల నుంచి రెండు వేల పౌన్ల దాకా మోస్తాయి. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది, మన ఊళ్ళలో అరెకరం కూడా మిగలని చేనుని "పదెకరాల చేను" అని పాత పేరుతో పిలిచినట్టు.

ఆ కాలపు ఇంజన్లు కొన్ని ఇప్పటికీ మెకానిక్కుల నోళ్ళలో నానుతుంటాయి. 1955లో షెవ్రొలే తెచ్చిన చిన్న బ్లాకు వీ8 ఒకటి. 1965 నుంచి 1996 దాకా ఫోర్డ్ తయారుచేసిన 300 ఘనపుటంగుళాల ఆరు సిలిండర్ల ఇంజను మరొకటి. రెండోదానిలో టైమింగ్‌కి చైనూ బెల్టూ లేవు, నేరుగా గేర్లే. క్రాంక్ షాఫ్టుకి ఏడు మెయిన్ బేరింగులు. వేగం లేదు, అందం లేదు, కానీ చావదు. ఇంటింటికీ పార్సిళ్ళు పంచే గోధుమరంగు బండ్లలో కూడా దాన్నే వాడారు.

మరి ఇంజన్లు ఇంత గట్టివైతే మీటరు ఐదంకెల దగ్గర ఎందుకు ఆగింది? కారణం ఇంజను దిమ్మె కాదు, దాని చుట్టూ ఉన్నవి. ఇగ్నిషన్‌లో పాయింట్లు అరిగిపోయేవి. పెట్రోలులో కలిపిన సీసం స్పార్కు ప్లగ్గుల మీద పేరుకునేది, సైలెన్సరుని తినేసేది. కార్బురేటరు చలిలో అవసరానికి మించి పెట్రోలు పోసేది. ఆ పెట్రోలు సిలిండరు గోడల మీది నూనె పొరని కడిగేస్తే రింగులు అరిగేవి. ఉప్పు చల్లే మంచు రాష్ట్రాల్లో రేకు తుప్పు పట్టి చిల్లులు పడేది. ఇంజను బతికున్నా దాన్ని మోసే బండి చచ్చిపోయేది.

తర్వాత ఒక్కొక్కటీ మారుతూ వచ్చాయి. 1970ల మధ్యలో సీసం లేని పెట్రోలు, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్, 1980లలో ఫ్యూయెల్ ఇంజెక్షన్, జింకు పూత పూసిన రేకులు. మీటరు వెనక్కి తిప్పి అమ్మడాన్ని 1972లో ఒక ఫెడరల్ చట్టం నేరం చేసింది. తమాషా ఏమిటంటే బండ్ల ఆయుష్షుని పెంచిన ఈ మార్పుల్లో కొన్నిటిని తెచ్చింది కొనుగోలుదారుల కోరిక కాదు, పొగ మీద ప్రభుత్వం పెట్టిన ఆంక్షలు. గాలి శుభ్రం కోసం చేసిన చట్టాలు పక్కవాటుగా ఇంజన్ల వయసుని కూడా పెంచాయి. అప్పట్లో వాటిని తిట్టుకోని ట్రక్కు యజమాని అరుదు.

కోళ్ళ తగాదా, 6,000 పౌన్ల గీత

ఇక విలువ సంగతి. ట్రక్కు ధర బజారులో గిరాకీని బట్టే తేలిందని అనుకుంటాం. అందులో సగమే నిజం.

1960ల మొదట్లో అమెరికా నుంచి చవక కోళ్ళు యూరప్‌లోకి వరదలా వచ్చిపడ్డాయి. పశ్చిమ జర్మనీ, ఫ్రాన్స్ వాటి మీద సుంకాలు పెంచాయి. దానికి బదులుగా 1963 డిసెంబరులో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ నాలుగు దిగుమతుల మీద 25 శాతం సుంకం వేశాడు: బంగాళాదుంప పిండి, డెక్స్‌ట్రిన్ అనే జిగురు పదార్థం, బ్రాందీ, తేలికరకం ట్రక్కులు. ట్రక్కుల మీద వేసిన దెబ్బ ఆనాడు ఫోక్స్‌వాగన్‌కి తగలాలని. కాలక్రమంలో మిగతా మూడూ పోయాయి. ట్రక్కు సుంకం మాత్రం అరవై ఏళ్ళు దాటినా అలాగే ఉంది. దాన్ని ఇప్పటికీ "కోళ్ళ పన్ను" అనే అంటారు.

ఈ పన్నుని తప్పించుకోవడానికి వేసిన ఎత్తుల్లో ఒకదానికి మనతో చుట్టరికం ఉంది. 1972లో షెవ్రొలే లవ్ అనే చిన్న పికప్పుని అమ్మడం మొదలుపెట్టింది. నిజానికి అది జపాన్‌లో ఇసుజు చేసిన బండి. దాన్ని తొట్టి లేకుండా క్యాబినూ ఛాసిస్‌గా దించితే సుంకం 4 శాతమే. ఇక్కడికొచ్చాక తొట్టి బిగించేవాళ్ళు. 1980లో ఆ సందు మూసేశారు. అదే ఇసుజు 2016లో చెన్నైకి ఉత్తరాన, ఆంధ్ర సరిహద్దుకి ఇవతల ఉన్న శ్రీసిటీలో ఫ్యాక్టరీ తెరిచి డీ-మ్యాక్స్ పికప్పులు తయారుచేస్తోంది. మన నేల మీద తయారయ్యే ఆ బండి ఇక్కడ అమెరికా రోడ్ల మీద మాత్రం కనిపించదు. మహీంద్రా కూడా 2000ల చివర్లో తన పికప్పుని ఇక్కడ అమ్మాలని చాలా దూరం వచ్చి, చివరికి విరమించుకుంది. వాటిని ఆపినవి కోళ్ళ పన్ను ఒక్కటే కాదు, పొగ నిబంధనలూ భద్రతా నిబంధనలూ డీలర్ల గొడవలూ కూడా ఉన్నాయి. కానీ తలుపు దగ్గర మొదట కనిపించే గడియ మాత్రం ఆ పన్నే.

రెండో గీత 6,000 పౌన్లది. బండి బరువూ, అది మోయగల బరువూ కలిపి 6,000 పౌన్లు దాటితే 1975లో వచ్చిన పొగ నిబంధనల్లో కొన్ని వర్తించేవి కావు. క్యాటలిటిక్ కన్వర్టరు అక్కర్లేదు, సీసం కలిసిన పెట్రోలు పోసుకోవచ్చు. సరిగ్గా ఆ గీతకి అవతల నిలబడేలా ఫోర్డ్ ఆ ఏడాదే కొత్త మోడలు తెచ్చింది. దాని పేరే ఎఫ్-150. ఈ దేశంలో అతి ప్రసిద్ధమైన ట్రక్కు ఒక నిబంధనకి అవతలి గట్టున పుట్టిన బిడ్డ అన్నమాట. అదే 1975లో వచ్చిన ఇంధన పొదుపు చట్టం కింద ట్రక్కులకి కార్లకన్నా తేలిక లక్ష్యాలు పెట్టారు. పన్ను చట్టంలో ఈ రోజుకీ 6,000 పౌన్ల గీత ఉంది. వ్యాపారానికి వాడే బండి దాన్ని దాటితే మామూలు కార్లకుండే తరుగుదల పరిమితులు దానికుండవు.

ఇవన్నీ కలిసి చేసిన పని ఒకటే. పెద్ద పికప్పు తయారీ దాదాపు మూడు కంపెనీల సొంత పెరడైపోయింది. పోటీ తక్కువ, లాభం ఎక్కువ. లాభం ఎక్కువున్నచోటికే డిజైనర్లూ ప్రకటనలూ వెళ్ళారు. 1957లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ ఆరుగురు కూర్చునే క్యాబినుతో ట్రావెలెట్ తెచ్చినప్పుడు అది కూలీల జట్టుని పనికి తీసుకెళ్ళే బండి. తర్వాత్తర్వాత ఆ వెనక సీట్లలోకి పిల్లలొచ్చారు. తలుపులు రెండు నుంచి నాలుగయ్యాయి, ఎనిమిది అడుగుల తొట్టి అయిదున్నర అడుగులకి కుంచించుకుపోయింది. తోలు సీట్లొచ్చాయి. ఎఫ్ సిరీస్ 1977 నుంచి ఈ దేశంలో అందరికన్నా ఎక్కువ అమ్ముడయ్యే ట్రక్కు. 1980ల మొదటినుంచి అది కార్లని కూడా దాటేసింది. పనిముట్టుగా పుట్టినది సంసారుల బండిగా మారింది. ధర కూడా ఆ కొత్త హోదాకి తగ్గట్టే పెరిగింది.

పేరుని నమ్మొచ్చా?

జపాన్ కంపెనీలకి నమ్మకం విషయంలో ఉన్న పేరు మనందరికీ తెలుసు. టొయోటా 1993 మోడలుగా టీ-100 అనే పికప్పుతో ఈ పెరట్లో అడుగుపెట్టింది. మన్నిక బాగుంది, కానీ వీ8 ఇంజను లేదు, ఆకారం చిన్నది. ఇక్కడివాళ్ళు పెదవి విరిచారు. 1999లో ఇండియానాలో తయారైన టండ్రా వీ8తో వచ్చింది. 2006లో టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో ప్రత్యేకంగా ఫ్యాక్టరీ తెరిచారు. 2012లో ఎండెవర్ స్పేస్ షటిల్‌ని లాస్ ఏంజెలెస్ వీధుల్లో తీసుకెళ్తూ ఒక వంతెన మీద టండ్రాతో లాగించారు. లూసియానాకి చెందిన ఒక డ్రైవరు 2007 టండ్రాని తొమ్మిదేళ్ళలో పది లక్షల మైళ్ళు నడిపాడు. కంపెనీ ఆ బండిని తీసుకుని ఆయనకి కొత్తది ఇచ్చి, పాతదాన్ని ముక్కముక్కలుగా విప్పి పరీక్షించింది.

ఇదే కంపెనీ కథలో రెండో పేజీ ఉంది. 2000ల మొదట్లో చేసిన టండ్రాల ఫ్రేములు మంచు రాష్ట్రాల్లో తుప్పు పట్టి తినేసుకుపోయాయి. టకోమా, టండ్రా, సెకోయా బండ్ల ఫ్రేముల మీద నడిచిన కేసు 2016లో రాజీకొచ్చింది. అది వర్తించిన బండ్లు సుమారు 15 లక్షలు, దాని విలువ 340 కోట్ల డాలర్ల దాకా ఉండొచ్చని అంచనా. 2024లో, ఇంజను తయారీలో లోపల మిగిలిపోయిన లోహపు రజను కారణంగా కొత్త తరం టండ్రాలూ ఒక లెక్సస్ మోడలూ కలిపి సుమారు లక్ష బండ్లని వెనక్కి పిలిచారు.

మిగతావాళ్ళకీ ఎవరి కథ వాళ్ళకుంది. ఫోర్డ్ 2004 నుంచి వాడిన 5.4 లీటర్ల మూడు వాల్వుల ఇంజనులో స్పార్కు ప్లగ్గులు విప్పబోతే లోపలే విరిగిపోయేవి. మామూలు సర్వీసు పని మెకానిక్కుకి గండమైపోయేది. జనరల్ మోటార్స్ పెట్రోలు ఆదా కోసం అవసరం లేనప్పుడు సగం సిలిండర్లని పడుకోబెట్టే పద్ధతి తెచ్చింది. అందుకోసం పెట్టిన ప్రత్యేకమైన లిఫ్టర్లు చాలా బండ్లలో ఇరుక్కుపోయి క్యామ్ షాఫ్టుని పాడుచేశాయి. 2025 ఏప్రిల్‌లో అదే కంపెనీ 6.2 లీటర్ల వీ8 ఉన్న దాదాపు 6 లక్షల బండ్లని క్రాంక్ షాఫ్టు, బేరింగుల లోపాల వల్ల వెనక్కి పిలిచింది. డాడ్జ్ 1989లో కమ్మిన్స్ డీజిల్ ఇంజను పెట్టినప్పుడు ఆ ఇంజను ఎంత గట్టిదంటే, దానికి తగిలించిన ఆటోమేటిక్ గేర్‌బాక్సు దాని బలానికి తట్టుకోలేకపోయేది.

వీటన్నిటిలోంచి నాకు అర్థమైంది ఇది. నమ్మకం కంపెనీ పేరులో లేదు. ఫలానా సంవత్సరం, ఫలానా ఇంజను, ఫలానా గేర్‌బాక్సు, అది తిరిగిన ఊరు, దాన్ని చూసుకున్న మనిషి, ఈ ఐదింటిలో ఉంది. పది లక్షల మైళ్ళ బండి విషయంలోనూ అంతే. రోజుకి మూడువందల మైళ్ళు హైవే మీద నడిచే ఇంజను వేడెక్కి, నూనె అంతటా పారి, స్థిరంగా తిరుగుతుంది. రోజూ పొద్దున చల్లటి ఇంజనుతో రెండు మైళ్ళు వెళ్ళి స్కూలు ముందు ఆగే బండికి మైళ్ళు తక్కువే, అరుగుదల మాత్రం ఎక్కువ. మీటరు చూపించేది దూరం, బండి పడ్డ కష్టాన్ని కాదు.

మూడో యజమాని

నమ్మకాన్ని కొలిచే సర్వేల గురించి ఒక మాట. జేడీ పవర్ వాళ్ళ ప్రసిద్ధమైన మన్నిక సర్వే మూడేళ్ళ వయసున్న బండ్ల గురించి వాటి మొదటి యజమానుల్ని అడిగి, ప్రతి వంద బండ్లకీ ఎన్ని సమస్యలో లెక్కవేస్తుంది. ఫోను సరిగ్గా కలవకపోవడమూ ఒక సమస్యే, గేర్‌బాక్సు పోవడమూ ఒక సమస్యే. కన్స్యూమర్ రిపోర్ట్స్ తన సభ్యుల్ని అడిగి, ఇంకా పాత బండ్ల దాకా వెళ్తుంది, పెద్ద సమస్యలకి ఎక్కువ బరువిస్తుంది. రెండూ పనికొచ్చేవే. కానీ ఇరవై ఏళ్ళు బతికే వస్తువుని మూడేళ్ళకి అంచనా వేయడమంటే పదో తరగతి మార్కులు చూసి మనిషి జీవితాన్ని చెప్పడం లాంటిది.

కొత్త ట్రక్కు కొనే మనిషికి కావలసినవి వేరు. నిశ్శబ్దం, పెద్ద తెర, మంచి మైలేజి, అయిదేళ్ళ వారంటీ. ఆయన కోసమే రెండు టర్బోలు, పది గేర్ల పెట్టెలు, సిలిండర్లని పడుకోబెట్టే తెలివితేటలు వచ్చాయి. వీటితో పెట్రోలు ఆదా అవడం నిజం. 2015లో ఎఫ్-150 బాడీని అల్యూమినియంతో చేసి 700 పౌన్ల దాకా బరువు తగ్గించడం గొప్ప ఇంజనీరింగే. ఆ రేకు తుప్పు కూడా పట్టదు. కానీ సొట్ట పడితే వీధి చివరి షెడ్డులో ఉక్కు రేకు సరిచేసినంత తేలిగ్గా సరిచేయలేరు. ఆదా మొదటి యజమాని జేబులోకి వెళ్తుంది. ఆ సంక్లిష్టతకి బిల్లు వచ్చేది పదేళ్ళ తర్వాత, వారంటీ అయిపోయాక, మూడో యజమానికి.

ఆ మూడో యజమాని ఎవరు? మన ఇళ్ళ ముందు గడ్డి కోసేవాడు, పైకప్పు వేసేవాడు, కంచె కట్టేవాడు. చాలాసార్లు మనలాగే వేరే దేశం నుంచి వచ్చినవాడు, కాకపోతే మనకున్న జీతం లేనివాడు. ఆయనకి ట్రక్కు ఆగిపోతే ఆ రోజు కూలి లేదు. రెండు రోజులు ఆగితే ఆ పని ఇంకొకరికి పోతుంది. అప్పుడెప్పుడో హడ్సన్ ఇంజను చప్పుడు వింటూ కూర్చున్న ఆల్ జోడ్ స్థానంలో ఇప్పుడున్నది ఈయనే. తేడా ఏమిటంటే, ఆల్ పాత యార్డులో భాగం ఊడదీసుకొచ్చి రోడ్డు పక్కన బిగించగలిగాడు. ఈయన బండిలో కొన్ని భాగాలకి డీలరు దగ్గరున్న కంప్యూటరు అనుమతి కావాలి. లక్ష మైళ్ళకి చచ్చిపోయే బండి పోయి రెండు లక్షల మైళ్ళు బతికే బండి వచ్చింది నిజమే. కానీ బాగుచేసుకునే అధికారం ఆ దారిలో ఎక్కడో జారిపోయింది. నమ్మకమన్న మాటలో ఒక సగాన్ని పెంచుకుంటూ, ఇంకో సగాన్ని పోగొట్టుకుంటూ వచ్చాం.

మరి కొనాలా?

చరిత్ర చదివినంత మాత్రాన బేరం తేలదు, లెక్క కూడా చూడాలి. 60 వేల బండికి 10 వేలు ముందు కట్టి, మిగతా 50 వేలు 7 శాతం వడ్డీకి ఆరేళ్ళ వాయిదాల్లో తీసుకుంటే నెలకి 850 డాలర్ల పైనే. వడ్డీయే 11 వేలు దాటుతుంది. భీమా, పెట్రోలు, టైర్లు వేరు. నాలుగు తలుపుల అర టన్ను బండి పొడవు 19 అడుగుల పైన. మన ఇళ్ళలో చాలా గ్యారేజీలు 20 అడుగుల లోతువి. గోడనీ బంపరునీ కాపాడుకుంటూ రోజూ దూర్చాలి. ఏడాదికి నాలుగుసార్లు మట్టి బస్తాలూ సోఫాలూ మోయడానికైతే హార్డ్‌వేర్ దుకాణంలో గంటలెక్కన అద్దెకిచ్చే ట్రక్కు చాలు.

ఇంకో ఖర్చు వాయిదాల్లో కనిపించదు. బానెట్ ఎత్తు 40 అంగుళాలు దాటిన బండ్లు పాదచారుల్ని ఢీకొన్నప్పుడు, పొట్టిగా వాలుగా ఉన్న బానెట్ బండ్లకన్నా దాదాపు 45 శాతం ఎక్కువగా ప్రాణం తీసే అవకాశముందని ఇక్కడి భీమా కంపెనీల రహదారి భద్రతా సంస్థ 2023లో తేల్చింది. పెద్ద పికప్పులు ఆ ఎత్తైన జాతివే. సాయంత్రం పిల్లలు సైకిళ్ళు తొక్కే వీధిలో ఉండేవాళ్ళు ఇది కూడా విలువ లెక్కలో రాసుకోవాలి.

నిజంగా లాగే పనీ మోసే పనీ ఉన్నవాళ్ళకి ఈ బండికి సాటి లేదు. అలాంటివాళ్ళకి నేను చెప్పగలిగింది తక్కువే. డ్రైవరు తలుపు పక్కన అంటించిన చీటీలో ఆ ఒక్క బండి మోయగల బరువెంతో రాసి ఉంటుంది, ప్రకటనలో అంకె కన్నా అది నిజం. ట్రెయిలరు కొండీ మీద పడే బరువు, లోపల కూర్చున్న మనుషుల బరువు, అన్నీ అందులోంచే పోతాయి. వాడినది కొంటుంటే కింద పడుకుని ఫ్రేము చూడండి, సుత్తితో తట్టి చూడండి. నూనె మార్చిన రసీదులు అడగండి. ఆ ఏడాది ఆ ఇంజను మీద ఏ రీకాల్స్ ఉన్నాయో, పని జరిగిందో లేదో బండి నంబరుతో చూడొచ్చు. కంపెనీ పేరు ఆఖరున చూడండి.

కొత్తది కొనేవాళ్ళకి మాత్రం ఒక కోరిక. డీలరుతో బేరమాడేటప్పుడు తెర ఎంత పెద్దదని అడిగే ముందు, పదేళ్ళ తర్వాత దీన్ని బయటి షెడ్డులో ఎవరైనా బాగుచేయగలరా అని అడగండి. అమ్మేవాడికి జవాబు తెలియకపోవచ్చు. చాలామంది అడిగితే తయారుచేసేవాడి దాకా వెళ్తుంది. మనం ఆరేళ్ళు వాడి అమ్మేసే ఆ బండి మీద ఆ తర్వాత ఎవరిదో సంసారం నడవాలి.